మెడలో రెండు గోడలు

పోయినవారం మనం అమ్మడిని ఎమ్మారై కంట్రోలు రూములో తల పట్టుకుని కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. కారణం మరెవరో అయితే నాలుగు తిట్టి ఊరుకునేది. కన్నతండ్రి అయిపోయాడు.

ఆ కన్నతండ్రి కూరగాయల మార్కెట్లో వేలంపాట నడిపించే మనిషి. అందరూ ఆయన్ని మైకు మామయ్య అంటారు. మైకు లేకుండానే ఆ చివరి షెడ్డులో ఉల్లిపాయల బస్తాల మీద కునుకు తీసేవాణ్ణి కూడా లేపి కూర్చోబెట్టగల గొంతు ఆయనది. ఆ గొంతు పక్కనుంచే మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళంలో, ఎడమవైపు, పూడిక చేరిందని మామూలు పరీక్షలో తేలింది. మెడ దగ్గర కోసి పూడిక తీసేద్దామన్నాడు సర్జన్. పక్కనే గొంతు నరం ఉంటుందనీ, దానికేమైనా అయితే మాట బొంగురుపోవచ్చనీ, అది చాలా అరుదనీ కూడా దాచకుండా చెప్పాడు. చాలా అరుదన్న ముక్క మామయ్య చెవిన పడితే కదా! "మూగబోయిన మైకుని ఏం చేసుకుంటారండీ, తూకానికేస్తారా?" అని ఆయన్నే ఎదురడిగి, లేచి వచ్చేశాడు.

అమ్మడు అదే ఆస్పత్రిలో ఎమ్మారై టెక్నీషియన్. తండ్రిని కూర్చోబెట్టి ఒప్పందం కుదిర్చింది. "ఇప్పటిదాకా చేసిన పరీక్ష రక్తం పారే దారి ఎంత ఇరుకైందో చెప్పింది నాన్నా. ఆ దారి గోడ లోపల ఏముందో నేను నా మిషన్లో చూస్తా. పూడిక మెత్తగా ఉండి చిట్లిపోయేలా ఉంటే పక్షవాతం రావచ్చు. అప్పుడు మారుమాట్లాడకుండా కోయించుకోవాలి. గట్టిపడి కదలకుండా ఉంటే మాత్రలతో సరిపెట్టమని సర్జన్ గారిని నేనే అడుగుతా." మామయ్య సరేనన్నాడు. కాకపోతే అమ్మకు ఈ సంగతి పొక్కకూడదన్నాడు. పంటి డాక్టరు దగ్గరికి వెళుతున్నామని ఆవిడకి చెప్పి వచ్చారు. సర్జన్‌కి రేపు జవాబు చెప్పాలి. పొద్దున మొదటి ప్రయత్నం ఎలా తగలడిందో మీకు తెలుసు. మిషన్లో పడుకున్నంతసేపూ మామయ్య కూతురికి మార్కెట్ కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం రెండో ప్రయత్నానికి అమ్మడు నడుం బిగించింది. జేబులు మళ్ళీ ఖాళీ చేయించింది. పొద్దున తీసి పక్కన పెట్టిన ఇంటి తాళాలతో పాటు ఈసారి రెండు మేకులూ, దేనిదో తెలియని ఒక స్ప్రింగూ బయటపడ్డాయి.

"ఇదెక్కడిది నాన్నా?"

"మీ క్యాంటీన్ ముందు దొరికింది. ఎప్పుడైనా పనికొస్తుందని."

"దేనికి?"

"దేనికో తెలిస్తే జేబులో ఎందుకుంటుంది, పెట్టాల్సిన చోట పెట్టేసేవాణ్ణి కదా!"

అమ్మడు వాటినీ లాక్కుని పక్కన పెట్టి, ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టింది. మెడకి రెండువైపులా బొమ్మ పట్టే పల్చటి కాయిళ్ళు బిగించింది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, అవసరమైతే పిలవడానికి చేతిలో రబ్బరు బంతి పెట్టింది. ఆ తర్వాత నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. చిన్నప్పుడు తను అన్నం తిననని మొరాయిస్తే వాళ్ళమ్మ అచ్చం ఇలాగే నిలబడేది.

"మాట్లాడకూడదు. తల తిప్పకూడదు. శబ్దం వస్తున్నంతసేపూ మింగకూడదు."

"ఉమ్ము కూడానా?"

"ఉమ్మే నాన్నా! ఇక్కడ నీకు విందు భోజనం పెడుతున్నానా?"

"మింగితే ఏమవుతుందే?"

"గొంతు కదులుతుంది. అది కదిలితే పక్కనున్న నాళం కూడా కదులుతుంది. మంచి నాళమైతే ఆ గోడ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. నువ్వొక్క గుటక వేశావంటే నేను తీసిన బొమ్మంతా అలుక్కుపోతుంది. మధ్యమధ్యలో శబ్దం ఆగుతుంది. నేను చెప్పినప్పుడు మింగు."

"సరే తల్లీ. ఇకనుంచి నేను రాయిని," అన్నాడు మామయ్య. అన్నాక కూడా ఏదో అనబోయాడు గానీ కూతురి చూపు చూసి నోరు మూసుకున్నాడు.

బల్ల లోపలికి జరిగింది. అమ్మడు వచ్చి తెర ముందు కూర్చుని మీట నొక్కింది. మిషన్ టక్ టక్ టక్ మని మొదలుపెట్టింది. లోపల మామయ్య నోరు కదలడం లేదు, తల కదలడం లేదు. లోపలి మైకులోంచి చడీచప్పుడూ లేదు. అమ్మడికి ప్రాణం లేచొచ్చింది. ఇంత బుద్ధిగా ఈయన ఎప్పుడైనా ఉన్నాడా అని లోలోపల మురిసిపోయింది కూడా.

బొమ్మ తెర మీదికి వచ్చింది. చూసి నెత్తి కొట్టుకుంది.

ఒక మెడ ఉండాల్సిన చోట బోలెడు మెడలున్నాయి. అసలు మెడకి అటూ ఇటూ వరసగా మెడ నీడలు, ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. మళ్ళీ తీసింది. మళ్ళీ అదే వరస. మిషన్ పాడైందేమోనని అనుమానం వచ్చి, మిషన్ని సరిచూడ్డానికి బల్ల మీద పెట్టే నీళ్ళ సీసాతో పరీక్షిద్దామనుకుంది గానీ, ఇందాక ఆయన కంటే ముందు వచ్చిన ఆవిడ బొమ్మలు అద్దంలా వచ్చాయి. మిషన్ నిక్షేపంలా ఉంది. తేడా తన తండ్రిలోనే ఉంది.

అప్పుడామెకు ఇంకో సంగతి తట్టింది. ఎవరైనా మామూలుగా ఒక గుటక వేస్తే బొమ్మ అడ్డదిడ్డంగా అలుక్కుపోతుంది. ఇక్కడ అలా లేదు. నీడలన్నిటి మధ్యా సమానమైన ఎడం ఉంది. అంటే లోపల మనిషి కదులుతున్నాడు, అదీ తాళం తప్పకుండా కదులుతున్నాడు. అమ్మడు లేచి అద్దంలోంచి తొంగి చూసింది. మిషన్లోంచి బయటికి ఉన్నవి ఆయన కాళ్ళే. కుడికాలి బొటనవేలు టక్ టక్ టక్ కి పైకీ కిందికీ ఊగుతోంది.

ఆమె మిషన్ ఆపి, మాట్లాడే మీట నొక్కింది.

"నాన్నా."

"ఊఁ."

"నిజం చెప్పు. ఏం చేస్తున్నావు లోపల?"

"ఏం చేస్తానే, కట్టెలా పడున్నా."

"నాన్నా!"

 దొంగతనం చేసి దొరికిపోయిన గొంతుతో, "టమాటాలు," అన్నాడు మామయ్య.

"టమాటాలేంటి?"

"టమాటాలు అమ్ముతున్నా. మనసులోనే! నోరు విప్పలేదు, నీ మీద ఒట్టు. ఈ మిషనుంది చూశావూ, అచ్చం మన పాటలాగే కొడుతోందే. టక్ టక్ టక్, ఒకటోసారి. టక్ టక్ టక్, రెండోసారి. మూడోసారి అన్నప్పుడు గొంతు దానంతటదే లోపల్లోపల ఎగురుతుంది, నేనేం చెయ్యను? ముప్పై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా?"

అమ్మడు కోప్పడదామనే నోరు తెరిచింది. తీరా తెరిచాక నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుందామని చూస్తే ఇంకా ఎక్కువైంది.

"ఎంత సరుకు వెళ్ళింది?" అని అడిగింది కళ్ళు తుడుచుకుంటూ.

"టమాటాలన్నీ పోయాయి. బెండకాయలు దించుకుంటుంటే నువ్వొచ్చి పాట ఆపేశావు."

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ లోపలికి వచ్చింది. ఆ ఆస్పత్రిలో తీసిన బొమ్మలన్నీ చదివి, దేంట్లో ఏముందో చెప్పే పెద్ద దిక్కు ఆవిడ. కళ్ళజోడు ఎప్పుడూ నెత్తి మీదే ఉంటుంది, ఆవిడ ఎప్పుడూ దాన్ని వెతుక్కుంటూనే ఉంటుంది. తెర మీదికి వంగి వరసగా నిలబడ్డ మెడల్ని చూసింది.

"ఇదేంటమ్మాయ్, గ్రూపు ఫోటోనా?"

అమ్మడు సంగతంతా చెప్పింది. డాక్టరమ్మ నవ్వదు, నవ్వితే పని చెడుతుందని ఆవిడ నమ్మకం. అయినా పెదవి ఒకవైపుకి వంగింది. "మీ నాన్నని అమ్మడం మానమనకు. ఆయన వల్ల కాదు. ఇంకేదైనా పని అప్పజెప్పు," అని, పై అంతస్తు నుంచి పిలుపొస్తే వెళ్ళిపోయింది.

ఏం పని అప్పజెప్పాలా అని అమ్మడు బుర్ర గోక్కుంది. తర్వాత మీట నొక్కి, "నాన్నా, ఇవాళ నువ్వు పాట నడిపేవాడివి కాదు. సరుకువి. బుట్టలో కూర్చున్న టమాటావి. పాట నేను నడుపుతా. టమాటా ఎప్పుడైనా అరిచిందా?" అంది.

"లేదు."

"గుటకలేసిందా?"

"నేనైతే చూళ్ళేదు."

"అయితే నువ్వూ వెయ్యకు. ఒక్కో వరస అయ్యాక నేను చెబుతా, అప్పుడు మింగు."

"సరే గానీ, నేను మొదటి రకం సరుకునేనా?"

"అది తేల్చడానికేగా ఇంత తిప్పలు! ఇక నోర్ముయ్."

ఈసారి మామయ్య నిజంగానే సరుకైపోయాడు. బొటనవేలు కూడా కదల్లేదు. శబ్దం ఆగినప్పుడల్లా అమ్మడు "మింగు" అంటే ఆయన గట్టిగా ఒక గుటక వేసేవాడు. ఆ గుటక చప్పుడు మైకులోంచి కంట్రోలు రూములోకి వినబడేది. మళ్ళీ మిషన్ మోగేది. అలా ఒక్కో వరసా పూర్తయింది.

తెర మీదికి వస్తున్న బొమ్మలు చూసి అమ్మడు కుర్చీ ముందుకు జరుపుకుంది. ఈ పద్ధతిలో పారే రక్తాన్ని కనబడకుండా చేసేస్తారు. రక్తం ఉన్నచోటల్లా నల్లగా ఉంటుంది. ఆ నలుపు చుట్టూ నాళం గోడ ఒక బూడిదరంగు గాజులా తేలుతుంది. అమ్మడి కళ్ళు తిన్నగా ఎడమవైపు నాళం దగ్గరికి పోయాయి. గోడ మందంగానే ఉంది, పూడిక ఉన్నమాట నిజమే. కానీ అందులో సున్నం పట్టిన చోట్లు గట్టిగా నల్లటి పెళ్ళల్లా కనబడుతున్నాయి. రక్తం వైపున మందపాటి పొర దాన్ని దిట్టంగా కప్పి ఉంచింది. మెత్తటి కొవ్వు జాడ ఎక్కడా లేదు. ఆమె ఇలాంటివి ఎన్నో చూసింది. డాక్టరమ్మ ఇలాంటివి చూసినప్పుడల్లా, "ముసలి పూడిక, దాని జోలికి పోకపోతే అది మన జోలికి రాదు," అంటుంది.

ఆపరేషన్ తప్పినట్టే! గొంతు దక్కినట్టే! అమ్మడు కుర్చీలోనే ఒక్క ఎగురు ఎగిరింది. సంతోషం పట్టలేక ఎప్పుడూ చెయ్యని పని చేసింది. మీట నొక్కి ఫలితం చెప్పేసింది.

"నాన్నా! ఎడమ గోడ గట్టిగా ఉంది! రాయి! నీ గొంతుకేం కాదు!"

లోపల్నుంచి ఈలలూ కేకలూ వినబడ్డాయి. ఆయన చేతిలోని బంతిని అదేపనిగా నొక్కడంతో పిలుపు గంట ఆగకుండా మోగింది. అమ్మడు వెళ్ళి ఆయన్ని బయటికి తీసింది. మామయ్య బల్ల దిగీ దిగకముందే కూతుర్ని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. "నా తల్లే, నా తల్లే," అంటూ చొక్కా బొత్తాలు తప్పు కాజాల్లో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వరండాలోకి పరిగెత్తాడు. అమ్మడికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

కంట్రోలు రూములోకి తిరిగి వచ్చేసరికి ఆమె కుర్చీలో డాక్టరమ్మ కూర్చుని ఉంది.

"వరండాలో ఒకాయన నన్ను పట్టుకుని దండం పెట్టాడు. ఎడమ గోడ రాయి అంటున్నాడు. ఎవరు చెప్పారు ఆయనకి?"

అమ్మడు నేల చూపులు చూసింది.

"రోగికి ఫలితం ఎవరు చెప్పాలి?"

"మీరు మేడమ్."

"మరి?"

"రోగి కాదు మేడమ్. మా నాన్న."

"అయితే మరీ చెప్పకూడదు! కూతురి కళ్ళతో చూసిన బొమ్మ సగం బొమ్మే. ఇన్నేళ్ళుగా నా పక్కన కూర్చుని నువ్వు నేర్చుకున్నది ఇదా?" డాక్టరమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అమ్మడికి ఇంత బాధ ఉండేది కాదు. "కళ్ళజోడు ఎక్కడ పెట్టాను?"

"నెత్తి మీద మేడమ్."

డాక్టరమ్మ జోడు దించుకుని బొమ్మలు ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టింది. ఎడమవైపు దగ్గర చాలాసేపు ఆగింది. తలూపింది. "నువ్వు చెప్పింది తప్పు కాదు. ఎడమది ముసలిదే. దీనికి కత్తి అక్కర్లేదని నేనే సర్జన్‌కి రాస్తా."

"హమ్మయ్య!" అంది అమ్మడు. తిట్లన్నీ ఆ ఒక్క ముక్కతో కొట్టుకుపోయాయి. "థ్యాంక్స్ మేడమ్. ఇంకెప్పుడూ మీట ముట్టుకోను."

 డాక్టరమ్మ వేలు తెరకి రెండోవైపు వెళ్ళింది.

"కుడివైపు చూశావా?"

"కుడివైపు శుభ్రంగా ఉందని పాత పరీక్షలో రాశారుగా మేడమ్."

"నేనడిగింది పాత పరీక్షలో ఏం రాశారని కాదు. నువ్వు చూశావా అని."

చూడలేదు. ఒకే బొమ్మలో రెండు నాళాలూ పక్కపక్కనే ఉన్నాయి. రెండోదాని వైపు అమ్మడి కన్ను తిరగనే లేదు. ఇప్పుడు తిరిగింది. మధ్యలో నల్లటి దారి నిజంగానే వెడల్పుగా, శుభ్రంగా ఉంది. దాని చుట్టూ గాజులా పల్చగా ఉండాల్సిన గోడ మాత్రం ఒకపక్క ఉబ్బి ఉంది. లోపలికి కాదు, బయటికి.

"పూడికంటే లోపలికే పెరుగుతుందని అందరూ అనుకుంటారు," అంది డాక్టరమ్మ. "మొదట్లో బయటికి పెరుగుతుంది. దారి ఇరుకవదు. అందుకే మామూలు పరీక్షకి దొరకదు. ఇప్పుడు చివరి వరస తెరువు."

చివరి వరసలో మిగతాదంతా మసకగా ఉంటుంది. పూడిక లోపల రక్తం చిమ్మి ఉంటే, అంటే అది చిట్లేలా ఉంటే, ఆ రక్తం మాత్రం తెల్లగా వెలుగుతుంది. అమ్మడు తెరిచింది. కుడివైపు, ఆ ఉబ్బు నడిమధ్యలో, తెల్లటి మచ్చ ఉంది. చిన్నదే. కానీ దాన్ని చూడ్డానికి కళ్ళజోడు అక్కర్లేదు.

 తనే కదా ఇందాక మీట నొక్కి గొంతుకేం కాదని చెప్పింది! ఇప్పుడు మళ్ళీ వెళ్ళి ఏమని చెప్పాలి? నాన్నా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా అనాలా?

"భయపడకు. ముందే దొరికింది, అదే మన అదృష్టం," అంది డాక్టరమ్మ, ఈసారి మెత్తగా. "నువ్వు ఆయన్ని సరుకు చేసి పడుకోబెట్టకపోతే ఈ బొమ్మే వచ్చేది కాదు. మాత్రలు వెంటనే మొదలుపెట్టాలి. కత్తి కావాలో వద్దో, ఎంత తొందరగా కావాలో తేలాలంటే నాకొకటి తెలియాలి. కుడివైపు నాళం వెళ్ళే మెదడు భాగం ఎడమవైపు ఒంటిని నడుపుతుంది. ఆయన ఎడమచెయ్యి ఎప్పుడైనా పట్టు తప్పిందా? కాసేపు మొద్దుబారి మళ్ళీ మామూలైందా? అలా అయి ఉంటే మాత్రం ఆగే వీల్లేదు. వెళ్ళి అడిగి రా. ఈసారి అడుగు, అంతే. చెప్పకు."

"అలాంటిదేమైనా ఉంటే నాకు చెప్పేవాడే మేడమ్. మా నాన్న కడుపులో మాట దాగదు."

"అడిగి రా," అంది డాక్టరమ్మ.

వరండా మామయ్యతో నిండిపోయి ఉంది. అక్కడ వేచి ఉన్నవాళ్ళందరికీ ఈపాటికి ఎడమ గోడ చరిత్ర తెలిసిపోయింది. ఆయన కుడిచేత్తో ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుని, స్పీకరు పెట్టి, అమ్మతో మాట్లాడుతున్నాడు. గండం గడిచిందిగా, ఇక దాచడమెందుకని మొత్తం చెప్పేస్తున్నాడు.

"...పన్నూ లేదు గిన్నూ లేదు! మెడలో గోడకి బొమ్మ తీయించుకున్నా! మన అమ్మడే తీసింది!"

"అబద్ధాల కోరు మనిషి! ఇద్దరూ ఇంటికి రండి, మీ సంగతి చెబుతా," అంటోంది ఫోన్లోంచి అమ్మ. తిడుతున్నా ఆవిడ గొంతులో నవ్వు తెలుస్తూనే ఉంది.

అమ్మడు దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖం మామూలుగా పెట్టుకోవడానికి ఆమె చెయ్యగలిగిందంతా చేసింది.

"ఇదిగో, వచ్చింది డాక్టరు!" అన్నాడు మామయ్య. "చెప్పవే మీ అమ్మకి. రాయి అని చెప్పు."

"నాన్నా, ఒక్కమాట. నీ ఎడమచెయ్యి ఎప్పుడైనా పట్టు తప్పిందా? కాసేపు మొద్దుబారడం, చేతిలోది జారిపోవడం, అలా?"

మామయ్య నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. ఆయన కూతురి వైపు చూశాడు. పక్కకి వేలాడుతున్న ఎడమచేతిని మెల్లగా తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు పక్క కుర్చీకి కూడా వినబడలేదు.

ఫోనుకి మాత్రం వినబడింది.

"నేను కాదండీ, ఒట్టు!" అని అందులోంచి అమ్మ గాభరాగా అరిచింది. "పిల్లకి చెప్పొద్దన్నారని నోరు కుట్టుకుని కూర్చున్నా! పోయిన నెలదీ చెప్పలేదు, ఇవాళ పొద్దుటిదీ చెప్పలేదు!"